పంతొమ్మిది క్రోనర్ల సినిమా

సైకిల్‌ను గోడకు ఆనించకుండానే తోర్కిల్ కేకేశాడు.

"గెలిచావు అమ్మాయ్. మూడు కాదు, నాలుగు రెట్లు."

కుర్చీ మీద నిలబడి కర్టెన్ తగిలిస్తున్న రికె అక్కడి నుంచే భర్త ఆస్గర్ మెడ మీదికి దూకింది. అతని చేతిలోని కాఫీ కొత్త తివాచీ మీద ఒలికింది. ఇద్దరూ పట్టించుకోలేదు. పెళ్ళయి ఆరు నెలలే అయింది. తివాచీ మీద మరక కూడా వాళ్ళకు ముచ్చటగానే ఉంది.

తోర్కిల్ వాళ్ళుండే చిన్న దీవిలో యాంటెనా సంఘానికి అధ్యక్షుడు. ఊళ్ళోని టీవీలన్నిటికీ తీగ లాగింది ఆ సంఘమే. అడిగిన సినిమాను అడిగిన వేళకు టీవీలో అద్దెకిచ్చేదీ, దాని ధర నిర్ణయించేదీ కూడా సంఘమే. సినిమా ధర చాలాకాలంగా యాభై తొమ్మిది క్రోనర్లు.

వేసవి చివర ఊరి హాల్లో జరిగిన సర్వసభ్య సమావేశానికి రికె కాఫీ కోసం, దాల్చినచెక్క బన్నుల కోసం వెళ్ళింది. కార్యవర్గ సభ్యురాలై తిరిగొచ్చింది. ఖాళీ పదవికి ఎవరూ చెయ్యెత్తలేదు. సరిగ్గా అప్పుడే ఆమె రెండో బన్ను కోసం ఎత్తింది.

వచ్చిన పదవిని ఊరికే పోనివ్వలేదు. సినిమా ధర ముప్పై తొమ్మిదికి తగ్గించమని అక్కడికక్కడే అడిగింది. శుక్రవారం సాయంత్రమంటే ఆమెకూ ఆస్గర్‌కూ ఒక సోఫా, ఒక దుప్పటి, ఒక సినిమా. యాభై తొమ్మిదైతే నెలకొక్క శుక్రవారానికే డబ్బు సరిపోతోంది.

తోర్కిల్ తల అడ్డంగా ఊపాడు. చూసేవాళ్ళే కొద్దిమంది, ధర కూడా తగ్గిస్తే నష్టమన్నాడు. అసలు సినిమాలే ఎత్తేద్దామనుకుంటున్నామన్నాడు.

అప్పుడు చివరి వరుసలోంచి నీలం స్వెటర్ వేసుకున్న పెద్దాయన ఒకరు లేచారు. రికె హాల్లోకి రాగానే ఒక మడత కుర్చీలో కూర్చోబోతే ఆపింది ఆయనే. అందులో వద్దమ్మా, వేళ్ళు కరుస్తుంది అన్నారు.

"ముప్పై తొమ్మిది చాలదు. పంతొమ్మిది పెట్టండి."

రికెకు ఒళ్ళు మండింది. తనను ఆటపట్టిస్తున్నారనుకుంది.

ఆయన నింపాదిగా చెప్పుకుపోయారు. సినిమా చూడాలనుకున్నవాళ్ళు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంత పెట్టాలా అని ఆలోచిస్తారు. ఆ ఆగడం దగ్గరే సగంమంది వెనక్కి తిరుగుతారు. ఎంత పెడితే ఆగకుండా లోపలికి వస్తారో, అదీ ధర. ఎండ కాసిన రోజు ఉచితంగా ఇచ్చినా ఎవరూ చూడరు. అందుకని వానలు మొదలయ్యే సెప్టెంబరులో మొదలుపెట్టండి. పాత సినిమాలైనా చూస్తారు.

"అంత బాగా చెబుతున్నారు, మీరెప్పుడైనా ఒక్క టికెట్టయినా అమ్మారా అండీ?" అంది రికె.

"కొన్ని అమ్మానమ్మా."

హాలంతా గొల్లున నవ్వింది. తన మాట బాగా పేలిందని రికె ఆస్గర్ వైపు చూసి కన్ను గీటింది.

చివరికి తోర్కిల్ ఒక షరతు పెట్టాడు. మూడు నెలలు పంతొమ్మిది. ఈలోగా అద్దెకు తీసుకునే సినిమాలు మూడు రెట్లయితే అదే ధర ఉంటుంది. లేకపోతే ఊరి టీవీల్లో సినిమాలుండవు. చేతులెత్తమంటే ముసలివాళ్ళ చేతులే ముందు లేచాయి. నీలం స్వెటర్ ఆయన మాత్రం ఎత్తలేదు.

సలహాలే గాని సాయం లేదని రికె మొగుడి చెవిలో గొణిగింది.

అందరూ వెళ్ళాక దీపాలార్పింది ఆయనే. ఏ స్విచ్ ఎక్కడుందో వెతుక్కోలేదు.

మూడు నెలలు గడిచాక ఇప్పుడు ఆయన మాటే నిజమైంది. రికెకు కాస్త సిగ్గేసింది. కేకు చేసి తీసుకెళ్తాను, ఆయన ఇల్లెక్కడ అని తోర్కిల్‌ను అడిగింది.

"లౌరిట్స్‌దా? రేవు పక్కన పసుపు ఇల్లు. కాని ఆయన మన సభ్యుడు కాదు, ఓటు లేదు. ఇంట్లో టీవీయే లేదు."

"మరి సమావేశానికెందుకొచ్చారు?"

"ఏటా వస్తాడు. హాలు చూసుకోడానికి."

తోర్కిల్ తనకిచ్చిన కాఫీ తాగి కప్పు కింద పెట్టాడు.

"మనం కూర్చున్నది ఆయన సినిమా హాలే అమ్మాయ్. ముప్పై ఆరేళ్ళు నడిపాడు. మన సంఘం ఇళ్ళకు సినిమాలు అద్దెకివ్వడం మొదలుపెట్టిన ఏడాదే మూసేశాడు."

ఆ రోజు హాలంతా ఎందుకు నవ్విందో రికెకు ఇప్పుడు తెలిసింది.

"మనం సినిమాలు ఎత్తేస్తే ఆయనకు సంతోషం కదండీ" అంది.

"నేనూ అదే అడిగాను. ఊళ్ళో వాళ్ళు సినిమా చూడకుండా పడుకుంటే తనకు నిద్ర పట్టదన్నాడు."

తోర్కిల్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆస్గర్ బిస్కెట్ల డబ్బా అట్ట కత్తిరించి చిన్న టికెట్ చేశాడు. శుక్రవారం, ఏడు గంటలు, చివరి వరుస అని రాశాడు.

"మనింట్లో ఉన్నది ఒక్క వరుసే కదోయ్."

"సోఫా వెనక కుర్చీ వేస్తే రెండు."

రికె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆస్గర్ పెన్ను పట్టుకుని ధర దగ్గర ఆగాడు. ఏం రాయమంటావని అడిగాడు.

"ఏమీ రాయకు. ఆయన గుమ్మం దగ్గర ఆగకూడదు. చలి వస్తే రానీ, రేపు ఏడింటికి తలుపు బార్లా తీసి ఉంచుదాం."