ఉలవకట్టె మీద పది నిమిషాలు

కొత్త మోటార్‌సైకిల్ తనంతట తానే నడుస్తుంది. హ్యాండిల్ మనిషి చేతికి రోజుకు పది నిమిషాలే వస్తుంది. ఆ పది నిమిషాల్లోనే వంద వేగం అందుకుని తీరాలని సుంకులమ్మ పంతం. "చూస్తాలే," అని మొగుడు రంగన్న నవ్వడంతో అది ఇంకా బిగిసింది.

హైవే మీద డోన్ దాటి, ఖాళీ రోడ్డు కనబడిందనుకునేసరికి బండి ఆగిపోయింది.

"ముందు అడ్డం ఉంది," అంది బండి.

అడ్డం కాదు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రోడ్డు అంచున పరిచిన ఉలవకట్టె. పక్కన చేట పట్టుకుని ఒక అవ్వ కూర్చుంది.

"పొద్దున్నుంచి ఒక్క బండీ తొక్కల్యా పాపా. బండ్లకు బుద్ధొచ్చిందంట, పక్కకు జరిగి పోతాండాయి."

పడమర మబ్బు దిగుతోంది. సుంకులమ్మ మబ్బును చూసింది, ఖాళీ రోడ్డును చూసింది. పళ్లు కొరికి హ్యాండిల్ చేతికి తీసుకుంది. బండి వద్దు వద్దంటూనే ఉంది.

"నోరు మూసుకో," అని కట్టె మీదికి ఎక్కించింది.

పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. చక్రాల కింద కాయలు చిటచిటా పగిలాయి. పదో నిమిషం నిండేదాకా ఆపలేదు. చినుకు పడేలోపు అవ్వ మూటెడు గింజ ఎత్తుకుంది.

ఇంటి ముందు రంగన్న ఎదురొచ్చాడు.

"ఎంత పోయింది మే బండి?"

సుంకులమ్మ కొంగుముడి విప్పి, అవ్వ ఇచ్చిన ఉలవలు అతని దోసిట్లో పోసింది.

"మూటెడు," అంది.