ఉప్పు డబ్బా ఒప్పుకున్న రోజు

ఈ రోజుల్లో గుండె ఆపరేషన్ అయినవాళ్ల ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీసే హక్కు మనిషికి లేదు, అతని కిడ్నీలకే ఉంది. నౌపడలో ఉప్పు మడులు చేసే కోర్లయ్య ఇంట్లోనూ అంతే. చేతి పట్టీ అతని ఒంట్లోని హార్మోన్లను చూసి సరే అంటేనే డబ్బా తెరుచుకుంటుంది.

"గుండె బాగుపడింది. కానీ ఇన్నేళ్లూ అది నీరసంగా కొట్టుకోవడంతో, కరువొచ్చిందని భయపడి కిడ్నీలు ఉప్పూ నీరూ దాచుకుంటున్నాయి. ఆ భయం తీరాలి," అని చెప్పింది డాక్టరమ్మ.

నెల దాటినా డబ్బా తెరుచుకోలేదు, కాళ్ల వాపు తగ్గలేదు. అతనితో పాటు చప్పిడి కూడే తింటున్న భార్య నీలమ్మకి అనుమానం వచ్చింది. తెల్లవారగానే వెనకాలే వెళ్లింది. కోర్లయ్య ప్రతి మడి దగ్గరా వంగి, ఉప్పునీట్లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటున్నాడు.

"ఏటి సేస్తన్నావు?"

"ఉప్పు పండే అదునొచ్చిందో నేదో నాలికే సెప్పాల. ఇది తినడం కాదే, పని!"

"నీ కిడ్నీలకి ఆ తేడా తెలుస్తాదేటి? రేపట్నుంచి నాను సూస్తాను. నువ్వు గట్టు మీద కూకో."

పదిహేను రోజులకి వాపు దిగింది. ఒక మధ్యాహ్నం అంబలి తాగుతుంటే మూత టక్కున లేచింది. ఖాళీ డబ్బాలో నీలమ్మ తను తీసిన ఉప్పే పోసింది. కోర్లయ్య చిటికెడు నాలిక మీద వేసుకుని, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"రెండ్రోజులు ముందే తీసీసినావే," అన్నాడు.