మొహాలు కలిసిన మాటలు

"ఆపు! ఎవడే వీడు? అక్షరమ్ముక్క రానివాడు పుస్తకం రాయడమేంటి?"

ప్రొఫెసర్‌గారు బల్ల గుద్దిన గుద్దుకు గ్లాసులో నీళ్ళు ఒలికాయి. అసలే ఆయనకు కోపం ముక్కు మీదుంటుంది. మాటల పుట్టుక గురించి నలభై ఏళ్ళు పాఠాలు చెప్పారు. అందుకే ఎవరి పుస్తకం వచ్చినా సరే, రచయిత పేరైనా చూడకుండా తీసేసి ప్రచురణ సంస్థ వాళ్ళు ఆయనకే పంపుతారు. ఆయన సరేనంటేనే అచ్చు. చూపు ఆనకపోవడంతో ఇప్పుడు కూతురే చదివి, ఆయన చెప్పింది టైపు చేసి పెడుతోంది.

"పేరు తీసేసి పంపుతారు కదా నాన్నా." పొద్దుట్నుంచి ఆమె ఇలా చెప్పడం నాలుగోసారి.

"ఆ ముక్క మళ్ళీ చదువు."

"'కలిగి ఉండటాన్ని లాటిన్‌లో హబేరె అంటారు, జర్మన్‌లో హాబెన్ అంటారు. రెండూ ఒకే తల్లి బిడ్డలు.'"

"ఛీ! మొహాలు కలిస్తే చుట్టాలైపోతారా? లాటిన్‌లో 'క' ఉన్నచోట జర్మన్‌లో 'హ' వస్తుంది. మొదటి ఏడాది పిల్లల పాఠం ఇది! హాబెన్‌కి అసలు తోబుట్టువు కాపెరె. అంటే పట్టుకోవడం. పోలిక లేకపోయినా రక్తం ఒకటే. ఈ తలమాసినవాడికి అదీ తెలీదు!"

"ఎవరో పెద్దాయనేమో. పొరపాటు పడుంటారు. ఆ పేజీ దిద్దుకోమని రాద్దామా?"

"ఒక్క పేజీనా? ఇప్పటికి పదకొండు తప్పులు! రాసుకో. 'ఈ రచయిత ఇక కలం ముట్టకపోతే అదే పదివేలు.'"

టైపు చప్పుడు వినబడలేదు.

"రాయవేం? నీకెందుకంత బాధ? కొంపదీసి ఇది నువ్వు రాసిందా?"

"అవును నాన్నా. నేనే."

ఇక చూడండి, ఇల్లు దద్దరిల్లింది. నా ఇంట్లో పుట్టి, నా పుస్తకాల మధ్య పెరిగి, నా పరువే తీస్తావా? కూతురివని వదిలేస్తాననుకున్నావా? ఒక్క అక్షరం తగ్గించను, కొట్టు టైపు!

ఆమె కొట్టింది. ఆయన కాగితం తడుముకుని, చిరిగిపోయేలా సంతకం గీకారు. అప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

"ముందే నాకు చెప్పుంటే దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దేవాణ్ణి కదే!"

"తప్పైపోయింది నాన్నా."

ఆమె కళ్ళు తుడుచుకుని కవరు అంటించింది. తరవాత సొరుగు తెరిచి, నిరుడంతా నాన్న చెబుతుంటే తాను టైపు చేసిన అదే పుస్తకం నకలు బయటికి తీసి, పై పేజీలో ఉన్న నాన్న పేరును చప్పుడు కాకుండా చించేసింది.