నిండుకున్న కొట్టు

"జిల్లాలోకెల్లా సరుకు నిండుగా ఉన్న కొట్టు మీదే!" అని గోడమీది శిక్షకుడు ప్రకటించగానే కొత్తకోడలు శ్రావ్య చప్పట్లు కొట్టింది. చిన్న కొట్లకు వ్యాపారం నేర్పుతూ, మాటలు విని సరుకు పంపించే ఆ యంత్రం గొంతు ఇప్పుడు రేపల్లెలో లేని గోడ లేదు.

తీరా చూస్తే డబ్బాలన్నీ ఖాళీ. సరుకు ఎందుకు రావడం లేదో అప్పుడు తెలిసింది. శ్రావ్యకు నవ్వాగలేదు.

"అత్తయ్యా, పసుపు అయిపోయినప్పుడు మీరు 'నిండుకుంది' అంటే, ఈ గోడమీది గొంతు డబ్బా నిండిందనుకుందండీ!"

"దీని తెలివి తెల్లారినట్టే ఉంది!" కామాక్షమ్మ కూడా నవ్వింది.

"అయిపోతే 'లేదు' అనాలి. అననివారు కొట్లో కూర్చుంటే సరుకు పంపం," అన్నాడు శిక్షకుడు.

"ఆవిడ మాట నువ్వే నేర్చుకోవచ్చుగా?" అంది శ్రావ్య.

"ఆ మాట మా పాఠంలో లేదు."

కామాక్షమ్మ నవ్వు ఆగిపోయింది. "'లేదు' అన్న మాట నేనీ గడపలో ఒక్కసారే అన్నానమ్మా. మీ మామయ్య పోయాక, ఎవరో తెలియక వచ్చి 'ఆయన ఉన్నారా' అని అడిగితే, 'లేరు' అన్నాను."

శ్రావ్య ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడవకు, పిచ్చిపిల్లా. రేపు కొట్టు నువ్వే తెరువు. నేను వంటింట్లో ఉంటాలే."