ఎవరిదీ ఫ్యాక్టరీ

"ఇది సైన్యానిది కాదని ఒక్క మాట చెప్పు. అందరూ చెప్పక్కర్లేదు, నువ్వు చెబితే చాలు," అన్నాడు మేనేజర్ ఊ సాన్ ల్విన్.

యీ మోన్ కాలర్లు కుట్టే మనిషి, యూనియన్ నాయకురాలు. కుట్టు మిషను ముందు నుంచి లేపుకొచ్చి మేనేజరు గదిలో నిలబెట్టారు. వెనక తలుపు మూసేశారు. తలుపవతల కాపలావాడు ఉన్నాడు.

యాంగూన్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు ఆ చొక్కాల ఫ్యాక్టరీ ఎవరిదో. జనం మీద కాల్పులు జరిపి దేశాన్ని ఏలుతున్న సైన్యానిది. తూటాలకు డబ్బు ఇలాంటి చోట్ల నుంచే పోతుంది. అందుకే ఆ సైన్యం చేతిలో ఉన్న కంపెనీల దగ్గర ఏదీ కొనకూడదని, ఈ చొక్కాలు కొనే యూరప్ దేశం చట్టం చేసింది. అక్కడి నుంచి ఈ పొద్దు ఒకావిడ తనిఖీకి వచ్చింది. ఆ చట్టం కావాలని నడివీధిలో గొంతు పోయేలా అరిచినవాళ్ళలో యీ మోన్ కూడా ఉంది. చట్టం వచ్చింది. వచ్చి ఆమె మెడకే చుట్టుకుంది.

"అబద్ధం చెప్పను," అంది.

"నిజమే చెప్పు. ఆర్డరు పోతుంది. రేపు గేటుకు తాళం వేస్తాను. నీ యూనియన్ ఆడాళ్ళు అన్నం ఏదక్కా అని వస్తే, ఆ చట్టాన్నే ఉడకేసి పెట్టు."

ఆలోచించుకోమని పంపాడు. మిషన్ల మధ్యకు వచ్చేసరికి అందరూ చుట్టుముట్టారు. పని పోతే ఊరికి వెళ్ళడానికి బస్సు కూడా ఎక్కలేమని ఒకామె ఏడ్చింది. చెంపల మీద చందనం ఇంకా ఆరని కుర్రపిల్ల ఫ్యూ ఫ్యూ అయితే యీ మోన్ మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.

"కాదని చెప్పెయ్ అక్కా. నోటిమాటే కదా. చెప్పి, తర్వాత నోరు పుక్కిలించుకో."

పక్క మిషను మీదున్న దా సాన్ యీ మాత్రం తలెత్తలేదు. ఆమె కొడుకును కాల్చి చంపింది ఆ సైన్యమే. చొక్కా తిప్పి రెండో చెయ్యి కుడుతోంది. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది యీ మోన్‌కు. ఎటు అడుగేసినా ఎవరో ఒకరి కడుపు మీద పడేటట్టుంది.

మళ్ళీ పిలుపు వచ్చింది. గదిలో మేనేజరు, తనిఖీకి వచ్చిన తెల్లావిడ, ఆవిడ వెంట తెచ్చుకున్న దుబాసీ అమ్మాయి ఉన్నారు. ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉందో భయపడకుండా చెప్పమని ఆ అమ్మాయి అడిగింది.

యీ మోన్ లుంగీ ముడి గట్టిగా బిగించుకుంది. మేనేజరు కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

"సైన్యానిది. పునాది తవ్విన నాటి నుంచీ సైన్యానిదే. ఇక్కడ కుట్టే ప్రతి గుండీ మీద లాభం వాళ్ళ జేబులోకే పోతుంది. నా మాట రాసుకోండి. తర్వాత నన్నేం చేస్తారో చేసుకోనీండి."

ఆ అమ్మాయి అంతా తెల్లావిడకు చెప్పింది. కాపలావాడు లోపలికి వస్తాడని, చెయ్యి విరిచి పట్టుకుంటాడని యీ మోన్ కాచుకుంది. ఎవరూ రాలేదు. మేనేజరు కోప్పడలేదు కూడా. లేచి, తను కూర్చున్న కుర్చీని ఆమె వైపు జరిపి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

తెల్లావిడ ముఖం చిట్లించి ఏదో అంది. దుబాసీ అమ్మాయి యీ మోన్ వైపు తిరిగింది.

"సైన్యానిదైతే మరి మీరెందుకు కొన్నారమ్మా? పోయిన నెల నుంచీ ఈ ఫ్యాక్టరీ యజమాని మీరేనని మీ ప్రభుత్వమే మాకు కాగితం పంపింది."