ఇస్త్రీ వాసన

"మందులతో ఇన్నాళ్లూ లాగాం. సైనస్ ఆపరేషన్ చేస్తే వాసనలు మళ్లీ తెలియొచ్చు," అంది డాక్టరమ్మ.

"వద్దమ్మా, మందులే రాయండి," మొండికేశాడు తండ్రి.

కూతురికి ఒళ్లు మండింది. "పాలు మాడిపోయినా తెలియని ముక్కు దేనికి నాన్నా?"

"ఒక్క వాసన తెలుస్తోందే. పొద్దున్నే... తడిగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టినట్టు."

బట్టలు కుట్టే అమ్మ పోయి ఏడాదయింది. ఆ ఇస్త్రీపెట్టెను అప్పట్నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

"ముక్కు మూసుకుపోతే ఒక్కోసారి లేని వాసనలు వస్తాయండీ. శుభ్రం చేస్తే అదీ పోతుంది," అంది డాక్టరమ్మ.

"అందుకే వద్దంటున్నా."

కూతురు డాక్టరమ్మ వైపు తిరిగింది. "మందులే రాయండి డాక్టర్‌గారూ," అంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ కుట్టుమిషను పక్కన నిలబడి, కళ్లు మూసుకుని గుండెలనిండా గాలి పీల్చింది కూతురు.

ఏ జబ్బూ లేని ఆ ముక్కుకి ఏమీ అందలేదు.