సున్నం గీతకు అవతల

"గీత దాటినావంటే కాలు ఇరగ్గొడతా!"

మాలకొండయ్య చేతికర్రను నేలకేసి కొట్టాడు.

కృపావరం ముందుకు వేసిన కాలు వెనక్కి తీసుకుంది. ఎండలో నాలుగడుగులు నడిచి వస్తానంది, అంతే. దానికే ఇంత గొడవ.

రాష్ట్రం ఏర్పడి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆ వేసవి మార్కాపురంలో మశూచి దిగింది. కర్నూలు నుంచి వచ్చిన హెల్తు ఇన్‌స్పెక్టరు, ఒళ్ళంతా పొక్కులు లేచిన ముగ్గురిని ఊరి బయట మూతపడ్డ రాతి పలకలు కోసే షెడ్డులో పెట్టించాడు. షెడ్డు చుట్టూ సున్నంతో గీత గీయించాడు. మేకలు కాసుకునే మాలకొండయ్యను కాపలాకు పెట్టాడు.

ముగ్గురిలో ఇద్దరు పోయారు. మిగిలింది కృపావరం ఒక్కతే.

కాపలా మనిషి నోరు మంచిది కాదు. గంజి కుండ గీత దగ్గర దించి, "తాగితే తాగు, లేకపోతే చావు" అని అరిచేవాడు. ఇన్‌స్పెక్టరు టీకా సూది పట్టుకుని వస్తే మాత్రం, అంత నోరున్న మగాడూ మేకల మందలో దూరి మాయమయ్యేవాడు. అది చూసినప్పుడల్లా కృపావరానికి కసిగా నవ్వొచ్చేది.

ఆమె పాట పాడుకున్నా తప్పే.

"ఆపమ్మే నీ రాగం! మేకలు మేత మానేసి చూస్తాండాయి."

"నా దేవుణ్ణి నేను పిలుచుకుంటే నీకేంది నొప్పి?"

"మీ దేవుడికి చెవుడా ఏంది, అంత గట్టిగా పిలుస్తావు?"

ఇట్లాంటి మనిషిని బతిమాలుకోవాల్సి వచ్చింది ఆమెకు.

"అన్నా, రేపు మా ఈస్టరు పండగ. తెల్లారకముందే మావాళ్ళంతా అదో, ఆ సమాధుల తోటకు వస్తారు. సమాధి సమాధికీ వెలుగు పెడతారు. అయ్యగారు 'ప్రభువు లేచినాడు' అంటే అందరం 'నిజంగా లేచినాడు' అని పలుకుతాం. మా ఆయన జకరయ్య ఆడనే ఉండాడు. ఇరవై ఏండ్లలో ఒక్క పండగ తప్పలేదు నేను. ఆ తోట గేటు దాకా పోనీ. దూరంగా నిలబడి పలికి వస్తా."

"ఈడనే పలుకు."

"ఈడ నేను పిలిస్తే నాకెవరు పలుకుతారు?"

"గోడను పలకమను పో!"

తుపుక్కున ఉమ్మేసి వెళ్ళిపోయాడు మాలకొండయ్య.

కృపావరానికి ఒళ్ళు మండిపోయింది. వీడి వంశం నాశనం కాను అని తిట్టుకుంది. ఆమెకు చావంటే భయం లేదు. అందరూ మరిచిపోయిన మనిషిగా, పిలిచినా పలికేవాళ్ళు లేక చావాలంటేనే భయం. ఆ సాయంత్రం ప్రార్థన కూడా చేయలేదు. దేవుడు సైతం సున్నం గీతకు అవతలే నిలబడిపోయాడనిపించింది.

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూసింది.

సమాధుల తోటలో వెలుగులు! వరుసగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

ఒంట్లో ఉన్న ఓపికంతా గొంతులోకి తెచ్చుకుంది.

"ప్రభువు లేచినాడూ!"

కాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ తరువాత, దూరం నుంచి గాలికి తెగుతూ ఒక మగ గొంతు వచ్చింది.

"నిజంగా లేచినాడూ!"

కృపావరం కిటికీ చువ్వలు పట్టుకుని భోరున ఏడ్చింది. అయ్యగారే! సంఘం తనను మరిచిపోలేదు. ఆ రోజు గంజి చుక్క మిగల్చకుండా తాగింది.

మూడు వారాలకు పెచ్చులన్నీ రాలిపోయాయి. విడిచిపెట్టిన నాడు కాపలాకు ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. పీడ విరగడైంది అనుకుని, పాతవాడి సంగతి అడగనైనా అడగకుండా నేరుగా పాస్టరు యోనా గారింటికి పోయింది.

"అయ్యగారూ, ఆ పొద్దు మీరు పలకకపోయి ఉంటే నేను బతికేదాన్ని కాదు."

యోనా గారు తల దించుకున్నారు.

"నేనెక్కడ పలికినానమ్మా? రోగానికి భయపడి పాలెం పాలెమంతా దర్శి దిక్కు చుట్టాల ఊళ్ళకు పోయినాం. తోటకు ఈ ఏడు ఎవరూ రాలేదు. నిన్నొక్కదాన్ని వదిలేసి పోయినాం తల్లీ, క్షమించు."

కృపావరం తోటకు పరుగులాంటి నడకతో పోయింది.

జకరయ్య సమాధి మీద కొవ్వొత్తి మైనం మరక లేదు. ఒక మట్టి ప్రమిద ఉంది. దాని అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పక్క సమాధి మీదా అట్లాంటిదే. ఆ పక్కదాని మీదా.

సంఘంలో ఎవరింట్లోనూ కుంకుమ ఉండదు.

ఆమె ఒక ప్రమిద తీసుకుని, దారి అడుగుతూ అడుగుతూ మాలకొండయ్య ఇంటికి చేరింది. గడపలో అతని పెళ్ళాం అంకాలమ్మ కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు.

"అన్న ఏడక్కా?"

"అమ్మవారు ఎత్తుకపోయిందమ్మా. ఎనిమిది దినాలైంది. మేకల దొడ్డి చుట్టూ సున్నం గీత గీసుకొని, మమ్మల్నెవరినీ దగ్గరికి రానీలా."

కృపావరం చేతిలోని ప్రమిద చూపించింది.

అంకాలమ్మ దాన్ని అందుకుని కొంగుతో తుడిచింది.

"మా కార్తీక మాసం ప్రమిదలన్నీ మూటగట్టుకొని పోతాంటే, వాళ్ళ పండగతో మనకేంది పని అని అడ్డం పడినా. 'ఆ యమ్మి తెల్లారి పిలుస్తాదే, పలికేదానికి ఒక్కడన్నా ఉండద్దా?' అని నన్ను పక్కకు నెట్టి పోయినాడమ్మా."